మంచుకొండలో ఫ్యాను

సెక్టర్ 7, భిలాయి

అమ్మకి,
జ్వరం తగ్గింది, బెంగపడకు. తగ్గనిది మా ఆఫీసు తిక్కే. మంచు కురిసే కొండ మీద క్వార్టర్లు కడుతూ, భిలాయి ఎండకి గీసిన నక్షాయే వాడుతున్నారు. ఎత్తు కప్పు, గాలాడే చిల్లుల జాలీ గోడలు, గదికో ఫ్యాను కొక్కెం! మట్టిగోడలు మందంగా లేపి, కప్పు దించి, దక్షిణాన పెద్ద కిటికీ పెడితే పగటి ఎండ వేడే రాత్రికీ మిగులుతుంది, బొగ్గు తగలెయ్యక్కర్లేదని మొత్తుకున్నాను.

"ఏటి నీ గోల? నక్షా పాసైపోనాది. అంత బెంగయితే నువ్వే ఎల్లి అందులో ఉండు," అన్నాడు మా హెడ్డు సత్యారావు. అన్నట్టే ఆర్డరూ ఇచ్చాడు. దీపావళి వెళ్లగానే ప్రయాణం, చలికాలమంతా అక్కడే.

నాన్న కళ్లజోడు బాగుచేయించారా? చెల్లి రజనికి దీవెనలు. నీ పాత చీరలన్నీ కలిపి మందంగా బొంత కుట్టి పంపు. నా గదికి ఫ్యాను మంజూరైంది గానీ రగ్గు కాలేదు.

నీ సుభాష్