‘లేదు’ కనపడని ఫొటో

తూమువారిపాలెం,
ఫిబ్రవరి 4.

గుంటూరు ప్రాంతీయ ఆరోగ్య ప్రచార కేంద్రంలో ఫోన్లలోకి బొమ్మలు పెట్టే ఆఫీసరు గారికి, వినుకొండ దగ్గర తూమువారిపాలెం నుంచి మిరపకోతల మేస్త్రి హనుమాయమ్మ నమస్కారం పెట్టి రాస్తున్నది.

అయ్యా, నేను ఏడో తరగతి దాకా చదివాను. నా ఉత్తరం నేనే రాసుకుంటాను. ఫోను మాత్రం నా దగ్గర లేదు. ఊళ్ళో మిగతా అందరి దగ్గరా ఉంది. అదే వచ్చిన తిప్పలు.

పోయిన నెల మీవాళ్ళు బీపీ చూస్తామని మా కల్లంలోకి వచ్చారు. నేను ఎండుమిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాను. ఘాటు ముక్కుకెక్కి దగ్గొచ్చింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మీవాళ్ళలో ఒకాయన ఫొటో కొట్టాడు. ‘బాగా వచ్చిందమ్మా’ అంటే సంతోషపడ్డాను కూడా.

ఇప్పుడు ఆ ఫొటో మీ ‘ఆరోగ్య కల్లం’ పేజీలో ఉందట. కింద ‘రెండు వారాలుగా దగ్గు తగ్గలేదా? క్షయ కావచ్చు. పరీక్ష చేయించుకోండి’ అని రాశారట. మిరపకాయల మధ్య కూర్చుని దగ్గని మనిషి ఎవరన్నా ఉంటే చూపించండి, ముందు వాళ్ళకి చేయించాలి పరీక్ష.

టీ కొట్టు వెంకయ్య నాకు టీ కాగితం కప్పులో పోసి, నేను తాగిందాకా అవతలకి వెళ్ళి నిలబడ్డాడు. కోతలకి వెళ్ళే ఆటోలో నా పక్కన చోటు ఖాళీగా ఉంది. మా ఆటోలో ఖాళీ అనేది ఈ జన్మలో చూడలేదు నేను. ఒక్క కోటేశ్వరి మాత్రం వచ్చి కూర్చుంది. నేనూ అదీ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. మధ్యాహ్నం నా క్యారేజీలోనే చెయ్యి పెట్టి తిన్నది.

ఆ ఫొటో తీసెయ్యండి.

ఇట్లు,
ఏ రోగమూ లేని
హనుమాయమ్మ

తా.క.: ఆ ఫొటోలో నా చీర వెలిసిపోయినట్టు పడిందట. అది కొత్త చీరండీ. అదీ సరిచేయండి.

*

గుంటూరు,
ఫిబ్రవరి 10.

గౌరవనీయులైన హనుమాయమ్మ గారికి, ఆరోగ్య కల్లం పేజీ చూసే ఇలియాస్ నమస్కరించి రాయునది.

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మా ఆఫీసుకి ఉత్తరం రావడం నేను చేరాక ఇదే మొదలు. ఎవరి టేబుల్ మీద పెట్టాలో తెలియక రెండు రోజులు ఫ్యాన్ కింద ఉంచారు.

తప్పు మాదే. మిమ్మల్ని అడిగి పెట్టాల్సింది. మీ ఫొటో చాలా సహజంగా ఉందని మా పెద్ద సారు మురిసిపోయి, గుంటూరు వైపూ ప్రకాశం వైపూ ఉన్న మా పేజీలన్నిటిలో పెట్టమన్నారు. ఇప్పుడు అన్నిచోట్లా తీసేశాను.

తీసేస్తే సరిపోదని, నిన్న ఒక వివరణ కూడా పెట్టాను. ‘ఆరోగ్య కల్లం పేజీలో ఇటీవల ప్రచురించిన ఫొటోలో కనిపిస్తున్న ఈ మహిళకు క్షయ వ్యాధి లేదు’ అని స్పష్టంగా రాశాను. ఏ మహిళో జనానికి తెలియాలి కాబట్టి మీ ఫొటో మళ్ళీ పెట్టాను. ఈసారి కొంచెం పెద్దగా.

ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఇట్లు,
మీ విధేయుడు
ఇలియాస్

తా.క.: మా పేజీలో ఇన్ని లైకులు దేనికీ రాలేదమ్మా. అంతకుముందు చేతులు కడుక్కునే ఫొటోకి బాగా వచ్చాయి గానీ, అవి కొట్టింది మా ఆఫీసువాళ్ళే.

తా.క. 2: చీర రంగు పెంచాను.

*

తూమువారిపాలెం,
ఫిబ్రవరి 17.

ఇలియాస్ బాబుకి హనుమాయమ్మ రాసేది. నమస్కారం ఈసారి పెట్టడం లేదు, కోపంలో ఉన్నాను.

నాయనా, నువ్వు రాసింది వెంకయ్య కొట్టు దగ్గర ఫోనులో చూపించారు. నా మొహం పళ్ళెమంత ఉంది. దాని మీద ‘ఈ మహిళకు క్షయ వ్యాధి’ అని ఉంది. ఆ తర్వాత మూడు చుక్కలు. పక్కన చిన్న అక్షరాల్లో ‘ఇంకా చూడండి’ అని ఉంది. అది నొక్కితే గానీ నీ ‘లేదు’ బయటికి రాదు. నొక్కేవాడెవడు? నా మొహమే కనపడుతుంటే ఇంకా చూడటానికి ఏముందనుకుంటారు?

‘లేదు’ అన్న మాట ముందు రాయొచ్చు కదా నాయనా. మేం పొలంలో పాము లేదని చెప్పాలంటే ‘లేదు, లేదు’ అని అరుస్తాం ముందు. పాము సంగతి తర్వాత చెబుతాం.

ఇంతకుముందు మా ఊరివాళ్ళకే తెలుసు. ఇప్పుడు వినుకొండలో పెళ్ళికి పోతే నన్ను పంక్తి చివర, చేతులు కడిగే కుళాయి పక్కన కూర్చోబెట్టారు. పక్క ఊరి రైతు కబురు పెట్టాడు, నా కూలీల ముఠాని పంపించమనీ, నన్ను మాత్రం ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమనీ. ముప్పై ఏళ్ళుగా మేస్త్రిని. విశ్రాంతి తీసుకోమన్న మనిషిని చూడటం ఇదే మొదలు. ఏడుపొచ్చింది.

ఇంక రాతలొద్దు. కెమెరా తీసుకుని రా. నా నోటితో నేనే చెబుతాను.

ఇట్లు,
హనుమాయమ్మ

తా.క.: చీర రంగు మరీ పెంచావు. మొన్నటిదాకా జబ్బు మనిషినే అనుకున్నారు, ఇప్పుడు జబ్బుతో కూడా సోకు చేసుకుంటున్నానంటున్నారు.

*

గుంటూరు,
మార్చి 1.

పూజ్యురాలైన హనుమాయమ్మ గారికి, ఇలియాస్ అనేక నమస్కారాలు.

మీ ఊరొచ్చినప్పుడు మీరు పెట్టిన గోంగూర అన్నం రుచి ఇంకా నాలుక మీదే ఉంది. మీరు చేలో నిలబడి మాట్లాడిన వీడియో లక్షల మంది చూశారు. మీరు నడుం మీద చెయ్యి పెట్టి, ‘ఆ మాయదారి జబ్బు నాకేంటి? మా ఇంటా వంటా లేదు. అది వచ్చేవాళ్ళు వేరే ఉంటారు’ అన్న ముక్కని జనం విడిగా కత్తిరించి మరీ పంచుకుంటున్నారు. కనిగిరిలో మా అమ్మకి కూడా ఎవరో పంపారు. వీడియోలో దగ్గు లక్షణాలు చెప్పిన భాగం కూడా ఉంది గానీ, అది ఎవరూ చూడలేదు.

మా పెద్ద సారు సంతోషం పట్టలేక కుర్చీలో కూర్చోలేకపోతున్నారు. ప్రాంతమంతటా మా పేజీలు ఎలా మెరుగుపడ్డాయో చూపించడానికి నివేదిక తయారుచేయమన్నారు. మొదటి పుట మీద మీ ఫొటోనే. ఈసారి నవ్వుతున్నది పెట్టాను.

మీ పరువు మీకు దక్కింది. నాకదే చాలు.

ఇట్లు,
మీ ఇలియాస్

తా.క.: వీడియో వెనకాల యుద్ధం మ్యూజిక్ పెట్టింది నేను కాదు, మా ఎడిటరు. మీరు మిరపకాయ కోస్తుంటే కత్తి దూసిన చప్పుడు రావడం కూడా ఆయన పనే.

*

తూమువారిపాలెం,
మార్చి 12.

చిరంజీవి ఇలియాస్ బాబుకి హనుమాయమ్మ దీవించి రాసేది.

నీ పుణ్యమా అని మళ్ళీ మనుషుల్లో పడ్డాను. వెంకయ్య గాజు గ్లాసులో టీ పోసి, పక్కనే కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. పక్క ఊరి రైతు తనే వచ్చి ముఠాతో పాటు నన్నూ రమ్మన్నాడు. రెండు రోజులు పని ఒత్తిడి అని చెప్పి మూడో రోజు వెళ్ళాను.

ఒక్కటే మనసుకి కష్టంగా ఉంది. అందరూ వెలేసినప్పుడు నా పక్కన కూర్చున్న కోటేశ్వరి, అందరూ కలిశాక దూరమైంది. చేలో నేనీ సాలు పట్టుకుంటే అది ఆ చివరి సాలు పట్టుకుంటుంది. మొహానికి గుడ్డ కట్టుకుంటుంది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంటుంది. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుంటుంది.

‘ఏమే, ఊరందరికీ పోయిన అనుమానం నీకిప్పుడు వచ్చిందా?’ అని అందరి ముందూ అడిగాను. తల వంచుకుంది. ఒళ్ళు మండి, ‘అయితే నా ముఠాకి రాకు’ అనేశాను. మర్నాటి నుంచి రాలేదు. నలభై ఏళ్ళ స్నేహం అలా పోయింది. పోతే పోయిందిలే అని రోజుకి నాలుగుసార్లు అనుకుంటున్నాను.

ఇట్లు,
హనుమాయమ్మ

తా.క.: నా వీడియో కింద ఎవరో కనిగిరి ఆయన ‘ఆ వెనకాల చేలో మిరప ఏ రకం?’ అని అడిగాడట. నా మాటలు ఒక్కటీ విన్నట్టు లేదు. ఆయనకి జవాబు ఇవ్వు, పాపం, రైతు.

*

గుంటూరు,
ఏప్రిల్ 2.

హనుమాయమ్మ గారికి ఇలియాస్ రాయునది.

అమ్మా, ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. రెండు కాగితాలు చింపేశాను.

నివేదికలో ‘ప్రజల నుంచి వచ్చిన సందేశాలు’ అని ఒక గడి ఉంది. అది నింపడానికి మా పేజీ ఇన్‌బాక్స్ తెరిచాను. తెరవడం అదే మొదటిసారి. జనానికి చెప్పడం మా పని అనుకున్నాం గానీ జనం మాకేదో చెబుతారని ఎవరికీ తట్టలేదు. వందల సందేశాలున్నాయి. మా ఊరి సెంటరులో డాక్టరు ఎప్పుడుంటాడని, మా పాపకి ఈ టీకా వేయించొచ్చా అని. అన్నిటికీ యంత్రం ఒకటే జవాబు పంపింది: ‘మీ స్పందనకు ధన్యవాదాలు. ఈ పోస్టును పదిమందికి పంపండి.’

మీ వీడియో పెట్టిన మూడో రోజున మీ ఊరి నుంచి ఒకటి వచ్చింది. పేరు లేదు, ఖాతాలో మహిళ అనీ తూమువారిపాలెం అనీ మాత్రమే ఉంది. ఫొటో చోట మందారపువ్వు ఉంది. ‘నాకు నెల దాటి దగ్గు. బరువు తగ్గాను. ఊళ్ళో ఎవరికీ తెలీకుండా పరీక్ష ఎక్కడ చేస్తారు?’ అని రాసింది. యంత్రం పదిమందికి పంపమంది. ఆమె మళ్ళీ రాసింది: ‘పదిమందికి తెలీకూడదనే కదండీ అడిగేది.’ యంత్రం మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. ఆ తర్వాత ఆమె రాయలేదు. నేను ఇప్పుడు రాస్తే చేరడం లేదు, ఖాతా మూసేశారు.

ఆమె ఎవరో నాకు తెలియదు. మీ ఊరి ఆశా కార్యకర్తకి ఫోను చేసి చెప్పాను, ఎవరినీ పేరు పెట్టి వెతకొద్దనీ, ఇల్లిల్లూ మామూలుగా తిరిగినట్టు తిరగమనీ. మీకు రాయాలో వద్దో తెలియలేదు. కానీ ఆడవాళ్ళు మీ మాట వింటారు. ఎవరైనా దగ్గుతుంటే గట్టిగా అనకుండా, మెల్లగా ఒక మాట చెప్పండమ్మా. పరీక్షకీ మందులకీ ఏమీ తీసుకోరు. త్వరగా వస్తే నయమవుతుంది.

ఇట్లు,
ఇలియాస్

తా.క.: కనిగిరి రైతుకి మాత్రం మీ ఉత్తరం అందిన రోజే జవాబిచ్చాను. అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

*

గుంటూరు, ఆసుపత్రి వరండా,
ఏప్రిల్ 20.

ఇలియాస్‌కి హనుమాయమ్మ రాసేది.

నీ ఉత్తరం సగం చదివేసరికే చెప్పులు వేసుకున్నాను. మందారపువ్వు ఎవరిదో నన్నడగాలా? ఆ చెట్టు అంటు నేనే ఇచ్చాను.

కోటేశ్వరి మంచంలో ఉంది. మనిషి సగమైంది. నేను గుమ్మం దాటబోతే చెయ్యి అడ్డం పెట్టి, ‘అక్కడే ఉండవే, నీకంటుకుంటుంది’ అంది.

‘ఎన్నాళ్ళ నుంచే?’ అన్నాను.

‘మొదటి కోత నుంచీ. నీ క్యారేజీలో తిన్నన్నాళ్ళూ మిరప ఘాటే అనుకున్నా. ఎన్నాళ్ళకీ తగ్గకపోయేసరికి నీ ఫొటో కింద రాసింది గుర్తొచ్చి అనుమానం వచ్చింది. పరీక్షకి పోదామనే అనుకున్నానే.’

‘మరి పోలేదేం?’

‘లేని జబ్బుకే నిన్ను కుళాయి పక్కన కూర్చోబెట్టారు. ఉందని తెలిస్తే నన్నెక్కడ కూర్చోబెడతారు? అయినా నీకొక్కదానికి చెబుదామనుకున్నా. ఇంతలో నీ వీడియో వచ్చింది. అది వచ్చేవాళ్ళు వేరే అన్నావుగా. నేను వేరేదాన్ని అయిపోయాననుకున్నా.’

దాని గొంతులో కోపం లేదు ఇలియాస్. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. చివరి సాలుకి పోయింది నన్ను వెలేసి కాదు, తన దగ్గు నా మీద పడకుండా. నేను అందరి ముందూ అడిగితే తల వంచుకుంది, నిజం చెబితే నేనేమంటానో తెలుసు గనక.

మర్నాడే ఆటోలో తీసుకొచ్చాను. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. మందులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పింది, బతుకుతుంది గానీ ఆలస్యం చేయడంతో ఒక పక్క ఊపిరితిత్తి బాగా దెబ్బతిన్నదని. ఇక చేలో వంగి పనిచేసే ఓపిక రాదంది. నాకూ పరీక్ష చేశారు. ఏమీ లేదు. ఈసారి ఆ ‘లేదు’ వింటే సంతోషం కలగలేదు.

నా వీడియో తీసెయ్యమని రాద్దామనుకున్నాను. కత్తిరించినవాళ్ళు తీయరని ఇక్కడి నర్సు చెప్పింది. సరే, అది తిరుగుతూనే ఉంటుంది. నువ్వు మాత్రం ఆ యంత్రాన్ని ఆపి మనిషిని కూర్చోబెట్టు. నివేదిక రాసేది ఉంటే అది రాయి. ఎవరో ఒకరు అడిగినప్పుడు ‘ఫలానా చోటికి రండి, ఎవరికీ చెప్పం’ అనడానికి ఎంత చదువు కావాలి?

నిన్న కోటేశ్వరికి అన్నం తీసుకుని లోపలికి వెళ్ళాను, మాస్కు కట్టుకునే. పక్క మంచం మీద ఒకావిడ ఉంది, దర్శి వైపు మనిషి. మా మాటలు విని, ‘మా ఇంటా వంటా లేదన్నావిడ మీరే కదూ’ అంది. గొంతుని బట్టి పట్టుకుంది. అవునన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఊరందరి నోళ్ళూ మూయించినదాన్ని, ఆ వీపుకి ఒక్క మాట చెప్పలేకపోయాను.

ఇవాళ రెండు క్యారేజీలు తెచ్చాను. ఒకటి ఆవిడ మంచం పక్కన పెట్టి వచ్చి, ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. తిన్నదో లేదో తెలియదు.

ఇట్లు,
హనుమాయమ్మ

తా.క.: కవరు అంటించబోతూ లోపలికి వెళ్ళి చూశాను. క్యారేజీ ఖాళీగా ఉంది. ఆవిడ గోడ వైపే ఉండి, పప్పులో ఉప్పెక్కువైందని చెప్పింది. ఎక్కువే అయ్యుంటుంది. రేపు చూసి వేస్తాను.