మా కుళాయి, నీ ఈతకొలను

ఏప్రిల్ 11, సాయంత్రం.
ఈ రోజు పనులు: గదులు ఊడ్చాను, తుడవలేదు. దుప్పట్లు ఉతకలేదు. బోరింగు దగ్గర వరుసలో నిలబడి ఎనిమిది బిందెలు మోశాను. నలుగురు అతిథులకు వండి పెట్టాను.

తమ్ముడికి అక్క ఆశీస్సులు. మేమంతా క్షేమం, మా కుళాయి తప్ప.

ఇంటికో గది అతిథులకిస్తే బయటి కంపెనీలు రావు, కొండ చెడదు, వాగు ఎండదు అన్నావు. నమ్మి గడప గడపకూ తిరిగి చెప్పాను. ఏడిళ్లవాళ్లు గదులకు రంగులేయించుకున్నారు. మా గోడకు ‘ప్రతి బొట్టూ విలువైనదే’ అని బోర్డు కొట్టించింది నువ్వే. స్నానానికి ఒక్క బకెట్టేనని అతిథులకు చెప్పేది నేను. మరి కొండ మీద నువ్వు కట్టుకున్న కాటేజీల ముందు ఈతకొలను ఎవరి బొట్లతో నిండిందిరా? వాగు దగ్గర మా వీధి పైపుకు బిరడా కొట్టి, నీ పైపు వేసుకున్నావు. మొన్న వెళ్లి కళ్లారా చూశాను.

నిన్న ఫోన్ చేస్తే సీజన్ అయ్యేదాకా సర్దుకోమన్నావు. పర్యావరణ సర్టిఫికెట్ ఇచ్చే కమిటీ పన్నెండో తేదీన, అంటే రేపు, మా ఇంట్లోనే భోంచేస్తుందనీ, పొద్దున్నే ట్యాంకరు పంపి డాబా మీది తొట్టి నింపిస్తాననీ, నేను నవ్వుతూ నిలబడితే చాలనీ అన్నావు. నా నవ్వు నీకంత తేరగా దొరికిందా?

‘మీ తమ్ముడు కొండకు పచ్చరంగు పూస్తున్నాడట కదా, మా బిందెలకూ కాస్త పూయమనండి, నిండినట్టు కనబడతాయి’ అని బోరింగు దగ్గర పక్కింటి వదిన అంటే అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మీ బావ డాబా మీంచి పడ్డప్పుడు భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తావు. మరిచిపోలేదు. కానీ నువ్వు మోసింది నా మొగుణ్ణి. ఆ బాకీ వీధివాళ్ల నీళ్లతో తీర్చమంటే ఎలా?

నీ అక్క

తా.క.: మధ్యాహ్నం భోంచేసిన నలుగురూ ఆ కమిటీవాళ్లే. చెప్పాపెట్టకుండా ఒకరోజు ముందే దిగారు. చేతులు కడుక్కోబోయి వాళ్లలో పెద్దావిడ కుళాయి తిప్పింది. గాలి బుస్సుమంది. మోటారు పాడైందనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెంబుతో నీళ్లు పోసి, కడుపునిండా అన్నం పెట్టి, నలుగురినీ ఆ బిరడా దగ్గరికి నడిపించాను. ఇక ట్యాంకరు పంపకు.

నువ్వు మీ బావను మోశావు. నేను నీ మాటను ఇల్లిల్లూ మోశాను. బాకీ చెల్లు.