ఫ్యాన్ కోసం ఎత్తిన చేతులు

తార్నాక, సోమవారం

చిరంజీవి ఎవాంజెలిన్‌కు తాతయ్య దీవెనలు, కోపంతోనే.

అడిక్‌మెట్ ఫంక్షన్ హాల్లో జబ్బులు నయం చేస్తామనే ఆ అభిషేక కూటం యూట్యూబ్ లైవ్‌లో నువ్వు రెండు చేతులూ ఎత్తి కనబడ్డావు. నలభై ఏళ్ళు బైబిలు పాఠాలు చెప్పినవాడి మనవరాలివి! ఇక నీతో ఫోన్లో మాట్లాడను. చెప్పేదేమైనా ఉంటే మీ గ్రేస్ అత్త క్యాంపస్‌లో తన ఆఫీసుకి వస్తూ నీకు తెచ్చే క్యారియర్లో రాసిపెట్టు. థీసిస్‌కి అడిగిన నా నోట్సు ఇవ్వను.

రత్నకుమార్

తా.క. పై గిన్నెలో గోంగూర పచ్చడి. కోపం వేరు, భోజనం వేరు.

లేడీస్ హాస్టల్, మంగళవారం

తాతయ్యకు వందనాలు.

నేను వాళ్ళలో కలిసిపోలేదు. ఈ కొత్త కూటాల బోధ మన పాత చర్చి బోధకు ఎంతవరకు సరిపోతుందన్నదే కదా నా థీసిస్! చూడకుండా ఏం రాయను? చేతులెత్తింది ఫ్యాన్ వెయ్యమని. శుక్రవారం ఆఖరి అధ్యాయం ఇవ్వాలి, మీ నోట్సు లేనిదే కదలదు. మీరు మాట్లాడకపోతే నాకు అన్నం సయించడం లేదు.

మీ ఎవా

తా.క. పచ్చడి అయిపోయింది.

తార్నాక, బుధవారం

అమ్మాయ్,

ఫ్యాన్‌కి ఒక చెయ్యి చాలు. జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలలేదంటాడట ఆ కూటం నడిపే ప్రశాంత్ పాస్టరు. బైబిల్లో పౌలు అంతటివాడికే, మూడుసార్లు వేడుకున్నా ఒంట్లో ముల్లులాంటి బాధ పోలేదే, ఆయనకూ విశ్వాసం చాలలేదా? ఇది నోట్సు కాదు, తిట్టు.

తాతయ్య

తా.క. అడుగు గిన్నె కింద ఇంకో పదిహేను పేజీల తిట్లున్నాయి. పేజీ నంబర్లు వేశాను.

హాస్టల్, గురువారం

తాతయ్యా,

తిట్లన్నీ అధ్యాయంలోకి ఎక్కించాను. బోధలో వాళ్ళకి పదికి మూడు, మన చర్చికి తొమ్మిది.

కానీ నిన్న లైవ్‌లో స్తంభం పక్కన చేతులెత్తింది మీరే కదూ? ప్రసంగం ఆపమనేనా? గొడవ చేస్తే నన్ను మళ్ళీ రానిస్తారా!

ఎవా

తా.క. మీ మెడకున్న ఆ మఫ్లర్ క్రిస్మస్‌కి నేను కొన్నది. బుకాయించకండి.

తార్నాక, శుక్రవారం పొద్దున్నే

బంగారుతల్లికి,

గొడవ పెట్టుకుందామనే వెళ్ళాను, జేబులో పదకొండు ప్రశ్నలతో. నా పక్కన గోల్నాక ఉప్పలమ్మ అని ఒకావిడ. ఆమె మోకాళ్ళు బాగైపోయాయన్నాడు పాస్టరు. నేను చెయ్యందిస్తేగానీ లేవలేదు. బోధ తప్పే, ఆ మూడు మార్చకు.

“మరి ఎందుకొస్తావమ్మా?” అన్నాను. “నొప్పి గట్లనే ఉన్నది సారూ. కని గీడ నన్ను పేరు పెట్టి పిలుస్తరు” అంది.

మన చర్చిలో ఇరవై ఏళ్ళుగా నా వెనక బల్ల మీద కూర్చునే ఆవిడ పేరు నాకు తెలియదు. ఆ తొమ్మిదిలోంచి కొంత తగ్గించు. ఆదివారం ఆవిడ పేరు అడుగుతాను, నువ్వూ రా. నీతో మాట్లాడక నాకూ నోరు కట్టేసినట్టుంది.

మీ తాతయ్య

తా.క. వాళ్ళు మీ నాయనమ్మ పాడే పాట ఎత్తుకున్నారు. చేతులు రెండూ ఎత్తాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.