మిల్లింగ్ మిషన్‌కి కొత్త మోటారు

బాబూ రవీ,

నీ జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడే నీ భార్య సుజాత భీమవరం మెకానిక్‌ని పిలిపించి, షెడ్డులో ఇనుము కోసే నీ మిల్లింగ్ మిషన్ విప్పించింది. బెల్టు తీసేసి కొత్త మోటారు పెట్టించింది. కొలత అంకెల్లో చూపించే డబ్బా కూడా బిగించారు. నువ్వు పోయాక రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల షాఫ్టులకు గాడి కొట్టే పని తనే చేస్తోంది.

ఆ బెల్టు టపటపలాడుతుంటే షెడ్డులో నువ్వే ఉన్నావనుకునేదాన్ని. ఒకసారి నీకు కంచం కూడా పెట్టేశాను. అందుకే అడ్డం పడ్డాను.

"బెల్టు ఉండనియ్యమ్మా, బాగానే తిరుగుతోందిగా!"

"ఆ చప్పుడుకి ఆయన నా వెనకాలే నిలబడ్డట్టు ఉంటందండి, అత్తయ్యగారూ. కట్టర్ తిరుగుతుండగానే వెనక్కి చూసేస్తన్నాను. ఎప్పుడో చెయ్యి పోద్దండి."

నేను పక్కకి తప్పుకున్నాను. కొత్త మోటారు బిగించాక తను ప్రార్థన చేసుకుని స్విచ్ వేసింది. చప్పుడే లేదు. ఒక్కసారి కూడా తల తిప్పకుండా షాఫ్టుకి గాడి కొట్టింది. అంతసేపూ తన వెనకాల నేను నిలబడ్డాను.

నువ్వింక అక్కడికి రాకు నాన్నా. రావాలనిపిస్తే నా దగ్గరికి రా.

అమ్మ