ఒక్క పాటే ఆడింది

29 ఏప్రిల్ 2007, ఆదివారం

ఈ నోట్‌బుక్ ఇంట్లో ఎక్కడ పడేసినా భయం లేదు. పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడతాం గానీ, చుట్టూ తమిళమే అయిన రెడ్డియార్‌పాళయంలోని ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. చిత్తూరులో టీచరు చేసిన మేనత్త ఎండాకాలం సెలవుల్లో చెవి మెలేసి నేర్పింది. నాయనకీ అమ్మకీ చెల్లికీ ఇది ముగ్గుల పుస్తకంతో సమానం.

ఈ రోజు నాయన మేడ మీది రేకుల గదిలోకి వచ్చాడు. తోకామిక్స్ గుట్టు రట్టయింది.

నేనూ చెల్లి ఆర్తీ చేస్తున్న డాన్స్ గేమ్ అది. స్క్రీన్ మీద బాణాలు పైకి పాకుతుంటాయి. తాళానికి సరిగ్గా, కింద ప్యాడ్ మీద ఆ దిక్కున అడుగు పడాలి. జపాన్ ఆర్కేడ్ గేమ్ చూసి ఎక్కడెక్కడి ఫ్యాన్సో ఇలాంటివి సొంతంగా చేసుకుంటున్నారు. బాణాలు రాసేది నేను. బొమ్మలు ఆర్తివి. అన్నీ జంతువులే. మా ఊరి పోలీసుల్లాగా ఎర్ర టోపీ పెట్టిన కానిస్టేబుల్ పందికొక్కు, లంగావోణీ ముంగిస, కూలింగ్ గ్లాస్ ఉడత. రెండు వెర్షన్లు వదిలాం. బ్రెజిల్లో ఎవడో పందికొక్కుని టీషర్టు మీద అచ్చేయించుకున్నాడు! మూడోది మే 12న అని ఫోరంలో మాటిచ్చేశాను.

నాయన ప్యాడ్‌ని కాలితో తట్టి, ఇదేంది అన్నాడు. ప్లైవుడ్, పాత ట్రంకుపెట్టె రేకు, విప్పేసిన కీబోర్డు వైర్లు. ముంగిసకి ఓణీ ఏందే, బుద్ధుండాదా మీకు అన్నాడు. పైన ఎవరో మిరపకాయలు దంచతా ఉండారని కింద వాటాలో పద్మనాభన్ గారు రోజూ కంప్లైంటట. చివరికి నా చేత అమ్మ తల మీద ఒట్టు వేయించాడు. రోజుకి ఒక్క పాట. ప్రీతికా, పెద్దదానివి నువ్వు, ఆ పిల్లకి నువ్వే జవాబు అన్నాడు.

2 మే

ఒట్టు నాలుగో రోజుకే తప్పాను. తలుపూ కిటికీ మూస్తే కిందికి వినపడదు.

5 మే, శనివారం

కత్తిరి ఎండలు మొదలయ్యాయి. రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టుంది.

ఆటలో లైఫ్ బార్ ఉంటుంది. తప్పులు పెరిగితే ఖాళీ అవుతుంది, ముంగిస దబ్బున పడిపోతుంది, ఆట మనల్ని బయటికి తోసేస్తుంది. టెస్టింగ్‌కి అది అడ్డం. అందుకే ఫెయిల్ ఆఫ్ చేశాను. ఎన్ని తప్పులు పడ్డా చివరిదాకా నడుస్తుంది, బాణాలు చూసుకోవచ్చు. పది పాటలు కలిపి మారథాన్ కట్టాను. ఇరవై రెండు నిమిషాలు. ఆర్తికి చెబితే ఎగిరి గంతేసింది. ఆట తోసేదాకా దిగకూడదక్కా అంటుంది. ప్యాడ్ ఎక్కే ప్రతివాడి పంతమూ అదే.

7 మే, సోమవారం, ఆస్పత్రిలో, సాయంత్రం 6

రాయకపోతే పిచ్చెక్కుతుంది.

పదకొండున్నరకి మారథాన్ పెట్టి ఇచ్చాను. అంతలో అమ్మ పెరుగు తెమ్మంది. మొదటి అంగడిలో లేదు, బస్టాపు దాకా వెళ్ళాను. తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే పాట వినిపిస్తోంది, అడుగుల చప్పుడు లేదు. తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. ఆర్తి ప్యాడ్ మీద బోర్లా పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తేలేసింది. నా కేకకి అందరూ పరుగెత్తుకొచ్చారు, ఎత్తుకుని ఇక్కడికి తెచ్చాం.

ఫెయిల్ ఆఫ్‌లోనే ఉంది. మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోయాను. ఆట దాన్ని ఎప్పుడో బయటికి తోసెయ్యాల్సింది. తొయ్యలేదు. కాబట్టి ఆర్తి దిగలేదు.

డాక్టరమ్మ అడిగింది, ఎంతసేపు ఆడిందని. నాయన నా మొహం వైపే చూస్తున్నాడు. పక్కన అమ్మ.

ఒక్క పాటే మేడమ్ అన్నాను. రెండు నిమిషాలు.

నా నోరు పడిపోను.

8 మే, ఉదయం

రెండు నిమిషాలకే పదిహేడేళ్ళ పిల్ల కూలిపోతే గుండెనే అనుమానించాలట. రక్తపరీక్షలో ఏదో బాగా ఎక్కువగా ఉంది, గుండె కండరం వాచిందేమో అంది డాక్టరమ్మ. నీళ్ళు ఎక్కువైతే గుండెకి బరువని సెలైన్ చుక్కచుక్కగా పెట్టారు. ఆర్తి దాహం దాహం అంటోంది. నర్సు దూదితో పెదాలు తడుపుతోంది, అంతే.

మా వంశంలో ఎవురికీ గుండె జబ్బు లేదే అని అమ్మ వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతోంది. నేను బాత్రూమ్‌లోకి పోయి కూర్చున్నాను.

8 మే, మధ్యాహ్నం 3

బట్టల కోసం ఇంటికొచ్చాను. మేడ మీద కంప్యూటర్ నిన్నటి నుంచి ఆన్‌లోనే ఉంది. స్క్రీన్ మీద రిజల్ట్ పేజీ. ఆర్తి ఎనిమిది పాటలు ఆడింది. తొమ్మిదోది సగందాకా అడుగులున్నాయి, ఆ తర్వాత అన్నీ మిస్, మిస్, మిస్. లెక్క కట్టాను. పంతొమ్మిది నిమిషాలు. ఆ మూసిన గదిలో.

పక్కన ముంగిస నవ్వుతూ ఎగురుతోంది. ఫెయిల్ లేకపోతే దానికి పడిపోయే బొమ్మ రాదు. ప్లగ్ పీకేశాను.

ఇప్పుడే చెప్పాలి. చెప్తాను. ఆస్పత్రికి వెళ్ళగానే చెప్తాను.

8 మే, సాయంత్రం

చెప్పలేదు. వార్డు గుమ్మంలో నాయన నా తల మీద చెయ్యేసి, నీవుండబట్టి పిల్లని ఎత్తుకొస్తిమి అన్నాడు. పిరికిదాన్ని.

9 మే, ఉదయం 7

ఆర్తి యూరిన్ బ్యాగ్‌లో ఉన్నది కాస్తంతే. చిక్కటి డికాషన్ రంగు. మొహం ఉబ్బింది. కిడ్నీ కూడా దెబ్బతింటా ఉంది, ఎందుకో అర్థం కాలేదంటున్నారని నాయన గోడకేసి చెబుతున్నాడు.

నాకు అర్థమైంది. వెళ్తున్నాను.

9 మే, 11

చెప్పేశాను. నాయన ముందే, డాక్టరమ్మ గదిలో. పంతొమ్మిది నిమిషాలు, రేకుల గది, తలుపు మూసి, ఒక్క గుక్క నీళ్ళు లేకుండా. ఆమె కుర్చీలోంచి లేచి, ఇంత పని చేస్తివేమ్మా అంటూనే వార్డుకి పరుగెత్తింది.

అది గుండె కాదు. ఆ వేడిలో అంతసేపు గెంతితే ఒంటి కండలు చితికి రక్తంలో కలుస్తాయట. ఆ చెత్త కిడ్నీకి అడ్డం పడుతుంది. నీళ్ళు ధారగా ఎక్కించి కడగాలి. రెండు రోజులుగా ఆ నీళ్ళే ఆపారు, నా మాట నమ్మి.

సెలైన్ బాగా తెరిచారు. ఎల్లుండికి మూత్రం దిగకపోతే డయాలిసిస్ అన్నారు.

నాయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కొట్టినా బాగుండేది. అమ్మకి తనే చెప్పాడు. అమ్మ నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

10 మే

బ్యాగ్ అలాగే ఉంది. దేవుడా, దాని కిడ్నీల బదులు నావి తీసుకో.

11 మే, శుక్రవారం

బ్యాగ్ నిండింది. రంగు పలచబడింది. డయాలిసిస్ అక్కర్లేదు. నర్సు చేతులు పట్టుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం ఆర్తీ నేనూ మాత్రమే ఉన్నాం. డాక్టరమ్మ నిన్నేమీ అడగలేదా అన్నాను. అడిగిందక్కా, మంగళవారం అంది. ఏం చెప్పావన్నాను. ఒక్క పాటే అని చెప్పినా అంది.

ఎందుకే, చచ్చిపోయేదానివి కదే అన్నాను.

నీవు అదే చెప్పింటివి గదా, నేను వేరేగా చెబితే నాయన నిన్ను ఏమైనా చేస్తాడని భయమేసింది అంది. నేను అబద్ధం చెప్పినప్పుడు అది తెలివిలోనే ఉందట. అంతా విన్నదట.

12 మే

ఈ రోజు రిలీజ్. చెయ్యలేదు.

26 మే

ఇంటికొచ్చి వారమైంది. మధ్యాహ్నం కూటి తర్వాత ఆర్తి నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఈ రోజుకిది ఐదోసారి.

కళ్ళు తెరవకుండానే, ఉండానక్కా అంది.