అందరూ ఒకేసారి మంచం దగ్గరికి రావాలని

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, నరాల వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉన్న రోగి భర్త, పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు రాసుకున్నది.

అయ్యా,

విషయం: నా భార్యకు వైద్యం చేస్తున్న వారందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకొనేలా ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పై అధికారులకు సంజాయిషీలు రాసి రాసి నాకు ఈ భాష అలవాటైనది. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. తమ సిబ్బందిలో ఒక్కరు కూడా చెడ్డవారు లేరు. ఉండి ఉంటే నాకు తిట్టుకోవడానికైనా ఒకరు దొరికేవారు.

1. సదరు రోగికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పడిపోయినవి. మా వీధిలో ఆవిడను రేడియో అంటారు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కుట్టుమిషను తొక్కుతూ కూడా మాట్లాడగలదు. ఇక్కడ చేర్చాక కూడా ముద్దముద్దగా మాట్లాడుతూనే ఉండేది. ఆ మాటలు నాకొక్కడికే అర్థమయ్యేవి.

2. మింగడం పరీక్షించే థెరపిస్టు అమ్మాయి వచ్చి, చెంచాతో నీళ్లు పట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి చూసి, "బాబాయ్ గారూ, పిన్నిగారికి పల్చటి నీళ్లు అస్సలు ఇవ్వకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ పొడి కలిపి చిక్కగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పట్టండి" అని చెప్పినది. అదే సాయంత్రం పెద్ద డాక్టరు గారు వచ్చి, "ఒంట్లో నీరు తగ్గింది, నీళ్లు బాగా తాగించండి" అన్నారు. ఆహారం సంగతి చూసే మేడం గారు పళ్ళరసం అన్నారు. వ్యాయామం చేయించే ఆయన సరిగ్గా భోజనం వేళకు వచ్చి, భుజం కోసమని ఆవిడను పక్కకు పడుకోబెట్టి, "కదిలించకండి" అని వెళ్ళేవారు. "ఏమయ్యా, వీళ్ళ లెక్కన నా నోరు ఒక ఊళ్ళో, భుజం ఇంకో ఊళ్ళో ఉన్నట్టున్నాయి" అన్నది నా భార్య.

3. పెద్ద డాక్టరు గారితో చెప్పుకున్నాను.

"నీళ్లు పట్టొద్దని థెరపిస్టు అమ్మాయి చెప్పిందండీ."

"అలాంటిదేమైనా ఉంటే ఆవిడ వచ్చి నాతో చెప్పాలి కదా!"

అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. "ఆయనకు నేనెలా చెప్తాను బాబాయ్ గారూ? నేను నిన్నగాక మొన్న చేరాను. ఒకసారి చెప్పబోతే, నువ్వెవరమ్మా అన్నారు. మీరే చెప్పండి" అన్నది.

వాళ్ళ గదుల మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడకు ఇటూ అటూ నేను తిరిగాను. నర్సమ్మను అడిగితే, "పెద్దాయనా, మమ్మల్ని మధ్యలోకి లాగకండి" అన్నది.

4. పరిస్థితి ఇట్లుండగా, అన్ని విభాగాల వారూ కలిసికట్టుగా పనిచేయుట ఎట్లు అనే అంశంపై తమ ఆసుపత్రి పై అంతస్తు హాలులో శిక్షణ పెట్టినారు. అందరూ వెళ్ళినారు. వార్డులో వేరే వార్డు నుంచి పంపిన నర్సు ఒక్కతే మిగిలినది. నా భార్య సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చిక్కబరిచే పొడి కోసం మందుల షాపుకు వెళ్ళి వచ్చేసరికి, ఆమె మాత్రలు వేసి గ్లాసుతో నీళ్లు తాగించినది. నా భార్య పెదవులు నీలంగా మారిపోయాయి. నర్సు ఆవిడను ముందుకు వంచి వీపు మీద చరుస్తూ, "ఎవరూ ఫోన్ ఎత్తట్లేదు. పై హాల్లో ఉన్నారు, పరిగెత్తండి!" అని అరిచింది.

పరిగెత్తాను. డాక్టర్లు ముందు వరుసల్లో, నర్సులు వెనకాల, థెరపిస్టులు గోడవారగా కూర్చుని ఉన్నారు. "మా ఆవిడకు ఊపిరాడట్లేదు, రండయ్యా" అన్నాను. మైకు పట్టుకున్న శిక్షకుడు గారు నవ్వి, "ఇదిగో, రోగి భర్త వచ్చారు. ఇప్పుడు ముందు ఎవరు లేస్తారో చూద్దాం" అన్నారు. రోగి బంధువు వేషం వేయడానికి ఎవరినో రమ్మన్నారట. ఆ మనిషిని నేనే అనుకున్నారు.

"కాదయ్యా, నిజంగానే."

"బాగుంది. కొంచెం గట్టిగా. వెనక వాళ్ళకు వినబడాలి."

గట్టిగా అన్నాను అయ్యా. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు.

అప్పుడు గోడవార నుంచి ఆ థెరపిస్టు అమ్మాయి లేచి, "సార్, ఆయన నటించట్లేదు! కిటికీ పక్క బెడ్ ఆవిడ!" అని అరుస్తూ బయటికి పరిగెత్తింది. వెనకాలే అందరూ లేచారు.

తరువాత జరిగింది కూడా రాయకపోతే అన్యాయం. ఒకరు గొట్టంతో గొంతులోది లాగుతున్నారు, ఒకరు ఆక్సిజన్ పెడుతున్నారు, వ్యాయామం ఆయన వీపు పట్టుకుని కూర్చోబెట్టారు. పెద్ద డాక్టరు గారు ఆ అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, తల ఎటు తిప్పమంటావు?" అని అడిగారు. ఆ అమ్మాయి చెప్పింది. ఆయన తిప్పారు. నేను గుమ్మంలో నిలబడి, ఇంతేనా, ఇంత తేలికా అనుకున్నాను.

5. ప్రాణం దక్కినది. నీళ్లు దిగిన ఊపిరితిత్తులు మాత్రం చీము పట్టినవి. ముక్కులో గొట్టం వేసి ఉన్నది. ఆవిడ మాట్లాడే ప్రయత్నమే మానేసింది. నేను పిలిస్తే కళ్ళు మూసుకుంటుంది. మర్నాటి నుంచి మళ్ళీ ఎవరి వేళకు వారు వస్తున్నారు. పెద్ద డాక్టరు గారు ఇంటికి తీసుకెళ్ళమంటున్నారు. ఊపిరితిత్తుల డాక్టరు గారు కదిలిస్తే తమకు బాధ్యత లేదంటున్నారు. డాక్టరు చదివే పిల్లలు ఒక పూట, నర్సు చదివే పిల్లలు ఒక పూట వచ్చి, అవే ప్రశ్నలు అడిగి వెళ్తున్నారు. "అమ్మా, మీరూ వాళ్ళూ ఎప్పుడైనా ఒక గదిలో కూర్చుని చదువుకుంటారా?" అని ఒక పిల్లను అడిగాను. "మాకు కాలేజీ బస్సు కూడా వేరే తాతా" అన్నది.

కావున, వారంలో ఒక్క పూటైనా అందరూ ఒకేసారి రోగి మంచం దగ్గర నిలబడి మాట్లాడుకొనేటట్లు, చదువుకునే పిల్లలకు కూడా ఆ పాఠం కలిపి చెప్పేటట్లు ఉత్తర్వు చేయించ ప్రార్థన. దీనివల్ల నా భార్యకు ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. అయితే కిటికీ పక్క మంచం ఎన్నాళ్ళో ఖాళీగా ఉండదు. ఆ వచ్చే మనిషి కోసమైనా తమరు దీనిని ఒకసారి చిత్తగించవలెనని కోరుకొను,

ఆ మంచం పక్క స్టూలు మీద ఉండే
తమ విధేయుడు.

తా.క.: మీ ఆఫీసు గుమాస్తా ఇది చదివి, "పెద్దాయనా, ఇందులో నాలుగైదు డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఇలా కలిపి రాస్తే తీసుకోం. దేనికది విడిగా రాసుకురా" అన్నాడు. కూర్చుని ప్రయత్నించాను బాబూ. మింగుడు సంగతి ఒక కాగితం, ఊపిరి సంగతి ఒక కాగితం, కాలూ చెయ్యీ ఒక కాగితం. అన్నీ రాసి చదువుకుంటే ఏ కాగితంలోనూ మా ఆవిడ లేదు. వాటిని చించేసి, ఇదొక్కటే మీ తలుపు కింద నుంచి లోపలికి తోస్తున్నాను.