కుడి చివర నుంచి చూసిన ఓడ

పెడన, గురువారం

మడత తెర ఆర్డరిచ్చిన జపాను ఆవిడ ఇవాళ వచ్చింది. బందరు రేవు నుంచి మన అద్దకం బట్టలు వాళ్ళ దేశానికి ఓడెక్కి వెళ్ళడం అందులో బొమ్మ. వాళ్ళ పాత తెరల ఫొటోలు చూసి గీసింది నేను, అచ్చులు వేసింది బాబాయి.

ఆరు రెక్కలూ విప్పి నిలబెట్టగానే ఆవిడ ముఖం మారిపోయింది. వాళ్ళు తెరను కుడి నుంచి ఎడమకు చూస్తారట! నేనేమో మన రాతలాగే ఎడమ నుంచి మొదలుపెట్టాను. ఎడమ చివర బందరు, మధ్యలో ఓడ, కుడి చివర ఖాళీ సముద్రం. వాళ్ళ వైపు నుంచి చూస్తే బొమ్మ ఖాళీ సముద్రంతో మొదలై, ఓడ ఎదురు వస్తున్నట్టుంటుంది. అన్ని ఫొటోలు చూశాను, ఆ ఒక్క ముక్క అడగాలని తోచలేదు. సిగ్గేసింది.

బాబాయి మాత్రం చేతి ఎరుపు తుడుచుకుంటూ, "మీరు ఆ కుడి చివర నుంచోండమ్మా. మేం ఇటు నుంచి పంపాం. మీ దగ్గరికే వస్తోంది, చూడండి," అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ వెళ్ళి అక్కడ నుంచుంది. తీసుకుంటానని ఇంకా అనలేదు, అదే బెంగ. కానీ నేను గీసిన ఓడకు దారివ్వడానికన్నట్టు ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. నా కళ్ళతో చూశాను.